మందరం కింద

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆపదలో ఉన్నవాళ్లకు సాయం చేయడం గురించి, దేవుడి మీద భరోసా గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను పునాదులు వేసే ఇంజనీరుని. మట్టి పరీక్షలు, పైల్స్, కాంక్రీటు, ఇదీ నా లోకం. ఈ విషయానికి ప్రవచనం చెప్పేవాళ్లు ఎవరినైనా చూసుకోమన్నాను. "నీకు ఆ ఉద్దానం సంగతి ఉంది కదా, అది చెప్పు చాలు" అన్నారాయన. సరే, అదే చెప్తాను. ముందే ఒకమాట, ఈ కథలో నేను గొప్పగా కనబడే చోట్లు తక్కువ.

మన ఊరివాళ్లకు కూర్మావతారం కథ కొత్తగా చెప్పక్కర్లేదు. పాలసముద్రం చిలుకుతుంటే మందర పర్వతం మునిగిపోతుంది, విష్ణువు తాబేలై కింద చేరి మోస్తాడు. చిన్నప్పుడు నాకు తెలిసింది అంతే. భాగవతం అష్టమ స్కంధంలో దానికి ముందు ఇంకో ఘట్టం ఉందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దేవతలు, రాక్షసులు భుజబలం చూసుకుని ఆ కొండను తామే పెకిలించి మోసుకుంటూ బయల్దేరారు. దారి మధ్యలో చేతకాక వదిలేశారు. దాని కిందపడి చాలామంది నలిగిపోయారు. అప్పుడు స్వామి గరుత్మంతుడి మీద వచ్చి, కొండను సముద్రం దాకా చేర్చాడు. అంటే కొండ రెండుసార్లు వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఒకసారి మోస్తుంటే, ఒకసారి చిలుకుతుంటే. నేనూ రెండుసార్లు జారవిడిచినవాడినే కాబట్టి ఆ ఘట్టం నాకు బాగా గుర్తు.

మా క్లాసులో ఒకడుండేవాడు. పేరు చెప్పను. మా బ్యాచి వాళ్లకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. వాడిది కవిటి వైపు పల్లె. ఎనిమిదో తరగతిలో అమ్మమ్మ గారింటికి శ్రీకూర్మం వచ్చి, మాతో పదో తరగతి దాకా చదివాడు. సెలవులకు ఇంటికెళ్లి వచ్చినప్పుడల్లా గోనెసంచిలో కొబ్బరికాయలు తెచ్చేవాడు. ఒకటి స్వామికి, మిగిలినవి మాకు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే గుడి ఆవరణలోకి పరుగెత్తి, తాబేళ్ల దగ్గర కూర్చుని ఆ కొబ్బరి తినేవాళ్లం. వాడు తాబేలు ముందు ఆకు పెట్టి, అది తల బయటపెట్టేదాకా కదలకుండా కూర్చునేవాడు. నాకంత ఓపిక ఉండేది కాదు. డిప్ప మీద తట్టి చూసేవాడిని. "తడితే లోపలికి పోద్దిరా, ఊరుకుంటే వస్తాది" అనేవాడు.

1985లో పదో తరగతి అయ్యాక నేను చదువుకి, తర్వాత ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్లిపోయాను. వాడు కొబ్బరి తోట చూసుకోవడానికి ఇంటికెళ్లిపోయాడు. పెళ్లిళ్లలో, మన డోలోత్సవంలో కనబడేవాడు.

2016లో ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "ఒరే, నాకూ వచ్చీసింది" అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. ఉద్దానం మనిషి ఆ మాట అంటే జిల్లాలో ఎవరికైనా తెలుస్తుంది. క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాల్సింది, వాడికి ఏడు దాటింది.

ఇక్కడ బయటి జిల్లాల నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు కూడా ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెప్తాను. ఉద్దానం అంటే ఉద్యానవనం నుంచి వచ్చిన మాటే అంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం పక్కన కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. ఆ నేల మీద దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్లకు, చేలో కష్టపడే వయసులో ఉన్నవాళ్లకు కూడా. నొప్పి ఉండదు, కాళ్లు పొంగి, ఆయాసం వచ్చేసరికి కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. నీళ్లన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి పని చేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడమన్నారు. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఇప్పటికీ లేదు. ఇంజనీరుకి ఇది మింగుడుపడదు. బీటకి కారణం తెలియకపోతే మరమ్మతు ఎలా చేస్తాం?

అయినా నేను మరమ్మతుకే దిగాను. మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో డబ్బు పోగుచేశాం. ఇచ్చినవాళ్లకు ఇక్కడి నుంచే నమస్కారం. నేను కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశాను. ఏ వారం ఏ పరీక్ష, హిమోగ్లోబిన్ ఎంత, పొటాషియం ఎంత, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు తాగాలి, ఎప్పుడు ఎవరు తీసుకెళ్లాలి, అన్నీ గడులు కట్టి పెట్టాను. నెలకోసారి ఆదివారం కారేసుకుని వెళ్లి ఫైలు తీసి కూర్చునేవాడిని. "ఈ వారం బరువు రెండు కిలోలెందుకు పెరిగింది? ఎండుచేప తిన్నావా?" అని నిలదీసేవాడిని. వాడు నేల చూపులు చూసేవాడు. వాళ్లావిడ టీ గ్లాసు పెట్టి లోపలికెళ్లిపోయేది.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రోగికి పనికిరావు. ఎకరాలకొద్దీ కొబ్బరి ఉన్న మనిషి గుక్కెడు కొబ్బరినీళ్లు తాగకూడదు. నేను వెళ్లినప్పుడల్లా తోటలోకి నడిపించి, గెల దింపించి, కత్తితో బొండం కొట్టి నా చేతికిచ్చేవాడు. నేను తాగుతుంటే చూసేవాడు. అప్పట్లో నాకు అందులో ఏమీ తోచలేదు. తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ పట్టిక తీసేవాడిని.

దేవుడి సంగతి అడుగుతారేమో. శ్రీకూర్మంలో పుట్టినవాడిని, దణ్ణం పెట్టకుండా ఎలా ఉంటాను? కారు డాష్‌బోర్డు మీద కూర్మనాథ స్వామి ఫొటో ఉండేది. కానీ నిజం చెప్పాలంటే పని నాది, ఆశీర్వాదం మాత్రం ఆయనది అన్న లెక్కలో ఉండేవాడిని. ఆయన సంతకం పెడితే చాలు, డ్రాయింగు నేనే గీసుకుంటాను.

2018 అక్టోబరుకి వాడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. మంగళ, గురు, శని. తొమ్మిదో తేదీ మంగళవారం అయింది. పదో తేదీ నుంచి దసరా నవరాత్రులు. పదకొండో తేదీ గురువారం తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా. విశాఖలో నేను హుద్‌హుద్ చూసినవాడిని. దానికి సరిగ్గా నాలుగేళ్ల కింద, అదే అక్టోబరు పన్నెండున. కాబట్టి ఉద్దానంలో ఏం జరిగి ఉంటుందో ఊహించగలిగాను. ఫోన్లు మోగడం లేదు. గురువారం డయాలసిస్ తప్పిపోయి ఉంటుంది. శనివారానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నా పట్టికలో తుపానుకి గడి లేదు.

శుక్రవారం పొద్దున్నే ఒక చిన్న జనరేటర్, రెండు డ్రమ్ముల డీజిలు, మంచినీళ్ల క్యాన్లు బండిలో వేసుకుని బయల్దేరాను. కరెంటు లేకపోతే మిషన్ నడవదు, కాబట్టి జనరేటర్ తీసుకెళ్తే చాలు, ఇదీ నా ఆలోచన. టెక్కలి దాటాక లోకం మారిపోయింది. స్తంభాలు వంగిపోయి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడి ఉన్నాయి. కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడుకున్నాయి. హైవే మీద లారీలు బారులు తీరాయి. ఎలాగో పడుతూ లేస్తూ వాడు వెళ్లే డయాలసిస్ కేంద్రానికి చేరాను. అక్కడ కూర్చున్న కుర్రాడితో జనరేటర్ తెచ్చానని చెప్పాను.

ఆ కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "సార్, జనరేటర్ మా దగ్గరా ఉంది. నీళ్లు లేవు" అన్నాడు. డయాలసిస్ మిషన్లో నిమిషానికి అర లీటరు చొప్పున శుద్ధిచేసిన నీరు తిరగాలి. నాలుగు గంటలకు నూట ఇరవై లీటర్లు, ఒక్క మనిషికి, ఒక్కసారికి. ఆ నీటిని శుద్ధి చేయడానికి అంతకంటే ఎక్కువ నీరు కావాలి. అది పంపింగ్ స్కీము నుంచి రావాలి, ఆ స్కీముకి కరెంటు కావాలి. ఐదో తరగతి పిల్లవాడు వేసే గుణకారం. రెండేళ్లుగా వాడు తాగే ప్రతి మిల్లీలీటరుకీ లెక్క అడిగిన మనిషిని, ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు.

అయితే వాడిని శ్రీకాకుళం తీసుకుపోవాలి, వేరే దారి లేదు. వాళ్ల ఊరికి వెళ్లే రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అక్కడి నుంచి ఊరు ఐదారు కిలోమీటర్లు. రోడ్డు మీద కొబ్బరి మొద్దులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. మొదట్లో లెక్కపెట్టాను, నలభై దగ్గర మానేశాను. ఒక మొద్దు పక్కకు లాగుదామని పట్టుకున్నాను. అంగుళం కదల్లేదు. యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, బూట్లు వేసుకుని, ఒంటరిగా.

ఆ మొద్దు మీదే కూర్చున్నాను. ఏడ్చానని చెప్పను గానీ, దాదాపు అంతే. అప్పుడు అన్నమాట చాలా మామూలు మాట. "స్వామీ, నా వల్ల కావడం లేదు. వాడు నీవాడు. నువ్వే చూసుకో." శ్లోకం లేదు, మొక్కు లేదు. నా జీవితంలో అంతకుముందు వెయ్యిసార్లు దణ్ణం పెట్టి ఉంటాను, ఆయనకు పని అప్పజెప్పింది మాత్రం అదే మొదటిసారి.

ఆకాశం నుంచి ఏమీ దిగలేదు. దాదాపు అరగంట గడిచింది. చీకటి పడుతుండగా అటువైపు నుంచి గొడ్డళ్ల చప్పుడు, మనుషుల కేకలు వినబడ్డాయి. మొద్దుల మధ్య నుంచి ముందు టార్చిలైటు, తర్వాత మంచం. నులక మంచానికి రెండు వాసాలు కట్టి, నలుగురు భుజాన వేసుకుని వస్తున్నారు. ముందు నడిచే ఇద్దరు కత్తులతో మట్టలు నరికి దారి చేస్తున్నారు. మంచం మీద వాడు, కూర్చోబెట్టి వీపుకి దిండ్లు పెట్టారు, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. పక్కన వాళ్లావిడ, చేతిలో మందుల సంచి, నా ఫైలు కాదు, వాళ్ల సంచి.

ఆ మోసేవాళ్లెవరని తర్వాత అడిగాను. ఇద్దరు పక్కింటివాళ్లు. వాళ్ల కొబ్బరితోటలు నిన్న తెల్లవారుజామున నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఇంకో ఇద్దరు చేపలవాళ్లు, వలలు, తెప్పలు ఏమయ్యాయో వాళ్లకే తెలీదు. ఆ ఉదయం వాళ్లకు ఏడవడానికి బోలెడు కారణాలున్నాయి. మంచం కట్టారు.

వాడిని కారులో కూర్చోబెట్టాక నేను ఆవిడతో అన్నాను, "అమ్మా, నేను వస్తున్నట్టు ఎలా తెలిసింది?" నాకు కావాల్సిన జవాబు నాకు తెలుసు. ఆవిడ చెమట తుడుచుకుంటూ, "తెలీదన్నయ్యా. మీరొస్తే మంచిదే అనుకున్నాం. రాకపోతే హైవే మీద ఏదో లారీ ఎక్కించుదుం. స్వామి ఉన్నాడు కదా, ఎవరో ఒకరిని పంపుతాడు. మనం రోడ్డు దాకా వచ్చేయాలి, అంతే" అంది.

అది విన్నప్పుడు, నిజం చెప్తున్నాను, నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. రెండేళ్లుగా ఆ ఇంటికి ఆధారం నేనే అనుకుంటున్నాను. ఆవిడ లెక్కలో నేను ఒక లారీతో సమానం. వస్తే మంచిదే.

కారు నడుపుతున్నంతసేపూ ఆ మాటే తిరిగింది. నేను నామీద ఆధారపడ్డాను, మొద్దు అడ్డం రాగానే కూర్చుండిపోయాను. ఆవిడ స్వామి మీద ఆధారపడింది, దారి ఉందో లేదో తెలియకుండానే బయల్దేరింది. దేవుడి మీద భారం వేయడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని మనలో చాలామంది వెటకారం చేస్తారు, నేనూ చేసేవాడిని. ఆరోజు చేతులు కట్టుకుని కూర్చున్నది ఎవరు?

దారిలో వాడు రెండుసార్లు కళ్లు తేలేశాడు. అద్దాలు దింపి, ఆగి, మళ్లీ నడిపాను. నడుపుతూ నేను పట్టిక గురించి ఆలోచించలేదు. ఆవిడ వెనక సీట్లో వాడి వీపు రాస్తూ ఏదో నామం చెప్పుకుంటోంది, నేనూ లోపల్లోపల కలిపాను. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో తెల్లవారుజామున మిషన్ ఎక్కించారు. నాలుగు గంటలయ్యాక వాడు కళ్లు తెరిచి, "జనరేటరెందుకు తెచ్చావురా?" అన్నాడు. బండి వెనకాల చూసి ఉంటాడు. నేను ఏమీ చెప్పలేదు. ఆ జనరేటర్ ఆ మర్నాడు వాళ్ల ఊరికే ఇచ్చేశాను. కొన్నాళ్లు ఊళ్లో సెల్‌ఫోన్లు చార్జి చేసుకోవడానికి పనికొచ్చింది.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది, మీరంతా చప్పట్లు కొడతారు. కానీ రెండోసారి జారవిడిచింది ఇంకా చెప్పలేదు.

తుపాను తర్వాత నేను మారిపోయానని అనుకున్నాను. నిజానికి పట్టికలో ఒక గడి పెరిగింది, అంతే. దానికి 'ప్రార్థన' అని పేరు. శనివారం గుళ్లో అర్చన, ఆదివారం ఫైలు. ఇంత చేస్తున్నాను కాబట్టి స్వామి వాడిని బతికించాలి. కాంట్రాక్టు. కిడ్నీ మార్పిడికి తిరిగాం, కుదరలేదు. ఆ వివరాలు వద్దు. 2020 లాక్‌డౌన్‌లో పాసుల కోసం తిరిగిందీ వదిలేస్తాను, అప్పుడు అందరూ తిరిగారు.

ఆ ఏడాది చివర్లో ఒక ఆదివారం వాడు ఫైలు మీద చెయ్యి పెట్టి మూసేశాడు. "ఒరే, నువ్వొచ్చినప్పుడల్లా నాకు పరీక్ష రాసినట్టుంటాది. తప్పాననీ భయమే, పాసైతే పైనెల ఇంకోటుందనీ భయమే. ఓసారి ఊరికినే రా" అన్నాడు.

ఊరికినే. ఆ మాటకి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు. మన జిల్లాలో పుట్టినవాళ్లకి అర్థం చెప్పక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తుంటే ఈ మాటా అనుకున్నాను. రెండు నెలలు వెళ్లలేదు, పని ఉందని చెప్పాను. ఇదిగో, ఇదే నా రెండో కొండ. మొదటిసారి చేతకాక పడేశాను, రెండోసారి అలిగి. ఆ రెండు నెలల్లో ఒక సంగతి తేలింది. వాడి కోసం నేను మోస్తున్నదాంట్లో సగం నా బరువే. వాడు పోతే ఓడిపోతాననే భయం నాది. ఆ భయాన్నే వారం వారం వాడి ముందు ఫైలు రూపంలో పెడుతున్నాను. దేవుడికి అప్పజెప్పాల్సింది వాడి కిడ్నీల కంటే ముందు నా గెలుపు ఓటములు. అది తుపాను రోజు మొద్దు మీద కూర్చుని అప్పజెప్పాను, శ్రీకాకుళం చేరగానే వెనక్కి తీసేసుకున్నాను.

ఫిబ్రవరిలో ఫైలు లేకుండా వెళ్లాను. వాడు ఏమీ అనలేదు. పడిపోయిన తోటలో కొత్త మొక్కలు నాటించాడు, అవి చూపించాడు. కాపు వచ్చేదాకా తను ఉండడని వాడికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం మొక్కల మధ్య కూర్చున్నాం. మేష్టర్ల గురించి మాట్లాడుకున్నాం. ఇక్కడున్న లెక్కల మేష్టారు క్షమించాలి, ఆయన నడకని వాడు ఆ వయసులోనూ అచ్చంగా అనుకరించేవాడు. డయాలసిస్ రోజున ఒకసారి వాడితో వెళ్లి, నాలుగు గంటలూ పక్కన కూర్చున్నాను. అంతవరకు నేను ఒక్కసారి కూడా ఆ నాలుగు గంటలు కూర్చోలేదని మీరు నమ్ముతారా? దించేసి పనులు చూసుకునేవాడిని. ఆ గదిలో ఎంత చలేస్తుందో, చెయ్యి కదపకుండా ఉంచితే ఎలా తిమ్మిరెక్కుతుందో, పక్క మంచం మీది మనిషి వచ్చేవారం కనబడకపోతే మిగిలినవాళ్లు ఎలా ఆ ఖాళీ వైపు చూడకుండా ఉంటారో నా పట్టికలో లేదు.

2021 జూన్‌లో వాడు పోయాడు. తుపాను తర్వాత రెండేళ్ల ఎనిమిది నెలలు ఉన్నాడు.

నాకు సమాధానం దొరికిందని చెప్పను. స్వామి మీద చాలా రోజులు కోపంగానే ఉన్నాను. మా ఆవిడ దీపం పెడుతుంటే పక్కగదిలోకి వెళ్లిపోయేవాడిని. అది కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే నమ్మకం అన్నాక అలుగుడు ఉండదనుకుంటారు.

అస్థికలు మన శ్వేత పుష్కరిణిలో కలపడానికి వాడి కొడుకు తీసుకొచ్చాడు. నేనూ వెళ్లాను. పని అయ్యాక కుర్రాడు గుళ్లో స్తంభాల మీద అక్షరాలు చూసి, "ఏటున్నాది మావయ్యా వీటిమీద?" అన్నాడు. మన చిన్నప్పుడు మేష్టారు చూపించినవే. గాంగరాజుల కాలం నాటి శాసనాలు, నరహరి తీర్థుల వారి 1281 నాటి శాసనం ఇక్కడిదే. చాలావాటిలో ఉన్న సంగతి ఒక్కటే, స్వామి ముందు అఖండ దీపానికి ఫలానావారు ఇచ్చిన దానం. నేను కుర్రాడికి అదే చెప్పాను. చెప్తుంటే నాకే ఒక సంగతి తట్టింది. అఖండ దీపానికి ఇచ్చినవాడికి తెలుసు, తను ఉండేది కొన్నేళ్లే. రోజూ నెయ్యి పోసేది, వత్తి ఎగదోసేది ఇంకెవరో. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. తను చూడని రాత్రులకు దీపం పెట్టి వెళ్లిపోయాడు. ఎవరి భరోసాతో? కొబ్బరి మొక్కలు నాటించిన మనిషి సంగతి కూడా అంతేగా.

ఇంజనీర్లకు ఇంకోలా చెప్తాను, ఇక్కడ చాలామందే ఉన్నారు. మనం పైల్ వేస్తాం. గట్టినేల తగిలేదాకా దింపుతాం. ఆ గట్టినేలను మనం చేయలేదు. దాన్ని మనం వెతుక్కుంటాం, పరీక్ష చేస్తాం, దాని మీద బరువు దించుతాం. బరువు దించకుండా గాల్లో పట్టుకుని నిలబడ్డ ఇంజనీరు ఎవడూ లేడు. అలాగని పునాది వేయకుండా ఇల్లు కట్టినవాడూ లేడు. మందరం చిలికేటప్పుడు తాడు లాగేవాళ్లకు తాబేలు కనబడదు, కొండ మునగడం లేదన్నది మాత్రమే తెలుస్తుంది. లాగడం మాత్రం వాళ్లే లాగాలి. వాసుకి పడగల దగ్గర పొగలు, వేడి, అన్నీ భరిస్తూ.

ఈ మాట అంటే కొందరు మిత్రులు, ముఖ్యంగా మా యూనియన్ మిత్రులు, "దేవుడి మీద వదిలేస్తే ప్రభుత్వాన్ని అడిగేదెవరు?" అంటారు. సరైన ప్రశ్నే. ఉద్దానం వాళ్లు దేవుడి మీద భారం వేసి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అడిగారు, ఊరేగింపులు చేశారు, వచ్చిన ప్రతి నాయకుడికీ రిపోర్టులు చూపించారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు. ఏడు వందల కోట్ల రూపాయల పథకంతో హిరమండలం నుంచి వంశధార నీళ్లు ఆ పల్లెలకు గొట్టాల్లో తెచ్చే ఏర్పాటు కూడా ఆరోజే మొదలుపెట్టారు. వాడు చూడలేదు. వాడి భార్య ఆ మిరపకాయ బజ్జీల ప్లేటు పక్కకు నెట్టి, గ్లాసులో ఆ నీళ్లు పోసి నాకిస్తూ, "అడిగినవాళ్లలో ఆయనా ఉన్నారన్నయ్యా" అంది. రోడ్డు దాకా రావాలి అన్న మనిషి కదా. అడగడం కూడా ఆవిడకు రోడ్డు దాకా రావడంలో భాగమే.

ఆవిడ ఇప్పుడేం చేస్తోందో చెప్పి కూర్చుంటాను. వాళ్ల ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లకు డయాలసిస్ జరుగుతోంది. ఒకామెకు పిల్లలు చెన్నైలో పనికెళ్లారు, ఇంకొకామెకు ఎవరూ లేరు. ఈవిడే ఆటో మాట్లాడి పలాస తీసుకెళ్తుంది, నాలుగు గంటలూ కూర్చుని తీసుకొస్తుంది. వాళ్ల కాళ్లకు కప్పడానికి దుప్పటి తీసుకెళ్తుంది, చలేస్తుందని ఆవిడకు తెలుసు కాబట్టి. డబ్బు ఇస్తామన్నాం. ఆటోకి తీసుకుంది, మిగతాది వద్దంది. "డబ్బులకేటన్నయ్యా, మనిషి కావాలి. నాకూ ఒంట్లో బాగోని రోజు ఉంటాది కదా" అంది.

నెలకు ఒక శనివారం నేను వెళ్తున్నాను. మా బ్యాచిలో ఇంకో ముగ్గురు వెళ్తున్నారు. ఇంకా కొన్ని శనివారాలు ఖాళీగా ఉన్నాయి. మందులు, రిపోర్టులు, సలహాలు ఏమీ పట్టుకెళ్లక్కర్లేదు, ఆవిడ దగ్గర అన్నీ ఉన్నాయి. భోజనాల దగ్గర నేను చేతులు కడుక్కునే కుళాయి పక్కనే ఉంటాను. రాగలిగినవాళ్లు వచ్చి ఏ శనివారమో చెప్పండి. బండి శ్రీకాకుళం నుంచి పొద్దున్న ఐదింటికి బయల్దేరుతుంది. దుప్పటి మాత్రం ఒకటి తెచ్చుకోండి.